పక్షుల కోసమే నీళ్ళు నింపే చోటు: న్యూజెర్సీ ఫోర్సైత్ అభయారణ్యంలో ఒక ఉదయం

అందరికీ నమస్కారం. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో అట్లాంటిక్ సిటీ చూడనివారు అరుదు. ఆ కాసినోల దీపాలూ, సముద్రపు ఒడ్డున ఉన్న చెక్కబాటా మన వీడియోలలో ఇప్పటికే ఎన్నోసార్లు వచ్చాయి కనుక ఈరోజు అక్కడికి వెళ్ళడం లేదు. ఆ ఊరు ఇంకా ఇరవై నిమిషాల దూరంలో ఉండగానే గార్డెన్ స్టేట్ పార్క్‌వే దిగి, గాలోవే అనే చోట ఉన్న ఎడ్విన్ బి. ఫోర్సైత్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కు వచ్చాము. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మా నాన్నగారు, “అక్కడ బాతులు వాలే చెరువులు ఏవైనా ఉంటే తీసి పంపమ్మా, నీ షాపింగ్ మాల్ వీడియోలు నాకు అర్థం కావు” అని చాలాకాలంగా అడుగుతున్నారు. ఈ వీడియో ముందుగా ఆయన కోసం.

ఇక్కడి పద్ధతి ముందు చెబుతాను. మన నేలపట్టులోనో ఆటపాకలోనో అయితే పక్షులను చూడడానికి నడుస్తాము, లేదా పడవ ఎక్కుతాము. ఇక్కడ ముఖ్యమైన దారి కారులోనే. దాని పేరు వైల్డ్‌లైఫ్ డ్రైవ్. ఎనిమిది మైళ్ళ పొడవున, అంటే సుమారు 13 కిలోమీటర్లు, బురదనేలల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చే కంకర రోడ్డు అది. ఒకవైపు మాత్రమే వెళ్ళాలి, గంటకు 15 మైళ్ళు దాటకూడదు. కారుకు ప్రవేశ రుసుము 4 డాలర్లు, మన డబ్బులో 350 రూపాయలు అనుకోండి. కారులో ఎంతమంది ఉన్నా అంతే. మనుషులు దిగితే పక్షులు ఎగిరిపోతాయి గానీ కారును మాత్రం అవి పట్టించుకోవు. అందుకే అనుభవమున్నవాళ్ళు ఇంజను ఆపి, అద్దం దించి, కదలకుండా కూర్చుంటారు. మేమూ అలాగే కూర్చున్నాము. చలికి చేతులు కొంకర్లు పోతున్నా అద్దం మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు మీకు తెర మీద రోడ్డుకు ఒకవైపు కనిపిస్తున్నది సముద్రపు పోటుకు నిండి, పాటుకు బయటపడే ఉప్పునీటి గడ్డినేల. 47,000 ఎకరాలు దాటిన ఈ అభయారణ్యంలో ఎక్కువ భాగం ఇలాంటిదే. రెండోవైపు ఉన్నవి వేరు, అవి కట్టలు వేసి ఏర్పరిచిన పెద్ద మడుగులు. మనం వెళుతున్న రోడ్డే ఆ కట్ట. దూరంగా, నీళ్ళకు అవతల, అట్లాంటిక్ సిటీ భవనాలు వరుసగా నిలబడి ఉన్నాయి. అంత పెద్ద ఊరిని చూస్తూ ఇంత నిశ్శబ్దంలో కూర్చోవచ్చునని నేను అనుకోలేదు.

ఉదయం తొమ్మిది గంటలకు ఇక్కడి నుంచే నాన్నగారికి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర, ఆయన భోజనానికి కూర్చోబోతున్నారు. వందల పక్షులను చూపిస్తుంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న పక్షుల గురించి కాదు. “తూము ఎక్కడుందమ్మా?” అన్నారు. చేపల చెరువుల గట్ల మీద జీవితం గడిపిన మనిషి కట్టను చూడగానే తూము కోసమే వెతుకుతారు. కొంచెం ముందుకు వెళ్ళి చూపించాను. పలకలు వేస్తే నీటిమట్టం పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. “మనదే కదా!” అని ఆయన అమ్మను కూడా పిలిచి చూపించారు.

పని తీరు మనదే, కాని అక్కడే పెద్ద తేడా ఉంది, ఈ వీడియోలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నదీ అదే. మన దగ్గర తూము ఎత్తినా దించినా వరి కోసమో, చేప కోసమో, రొయ్య కోసమో. ఇక్కడ ఆ మడుగులలో పంట లేదు, చేపల పెంపకం లేదు, ఎవరికీ కౌలు లేదు. ఉత్తరం నుంచి బాతులు దిగే శరత్కాలానికి నీళ్ళు నింపి ఉంచుతారు. వలస వెళ్ళే చిన్న ఉల్లంకి పిట్టలు వచ్చే కాలానికి నీళ్ళు తగ్గించి బురద బయటపడేలా చేస్తారు, ఎందుకంటే వాటి తిండి ఆ బురదలోని పురుగులే. ఒక్కొక్క జాతి కాళ్ళ పొడవును, ముక్కు పొడవును బట్టి దానికి కావలసిన నీటి లోతు మారుతుంది. దాన్ని గమనించి, కాలానికి తగినట్టు నీళ్ళు పెట్టి తీసే ఉద్యోగులు ఇక్కడ ఉన్నారు. 2012లో శాండీ తుపాను ఈ కట్టలను తెంచింది. వాటిని మళ్ళీ కట్టారు. ఈ మాట చెప్పినప్పుడు నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తుపానుకు గట్టు తెగడం అంటే ఏమిటో ఆయనకు వివరించనక్కరలేదు.

ఇంతలో మడుగు మీద తెల్లగా పరచుకుని ఉన్న మంద ఒక్కసారిగా లేచింది. ఇవి మంచుబాతులు, ఇక్కడివారు స్నో గీస్ అంటారు. ఒళ్ళంతా తెలుపు, రెక్కల చివర్లు మాత్రం నలుపు. కెనడా ఉత్తర భాగంలోని ఆర్కిటిక్ నేలల్లో పిల్లలను చేసి, చలికాలానికి ఇటు దిగుతాయి. వేల పక్షులు ఒకేసారి లేచి, దూదేకులవాడి చేతికింద దూది లేచినట్టు గాలినంతా నింపేశాయి. ఆ అరుపుల్లో నా మాట మీకు సరిగా వినిపించకపోవచ్చు, అయినా ఆ భాగాన్ని నేను కత్తిరించలేదు. అవి లేవడానికి కారణం కొంచెం ఆలస్యంగా కనిపించింది. మడుగు మీదుగా ఒక బాల్డ్ ఈగిల్, అంటే ఈ దేశపు జాతీయ పక్షి అయిన తెల్లతల గద్ద, తాపీగా వెళ్ళింది. 1970లలో న్యూజెర్సీ రాష్ట్రం మొత్తంలో ఈ గద్ద గూడు ఒక్కటే మిగిలింది. మన ఊళ్ళలో దోమలకు కొట్టేవారే, ఆ డీడీటీ మందే దానికి కారణం. ఇక్కడ పొలాల్లో, బురదనేలల్లో చల్లిన ఆ మందు చేపల్లోకి, చేపల నుంచి గద్దల్లోకి చేరి, గుడ్ల పెంకులు పలచబడి, తల్లి పొదగడానికి కూర్చుంటే చితికిపోయేవి. 1972లో దాన్ని నిషేధించిన తరువాత, మనుషులు ఎంతో శ్రమపడితే గానీ గద్దలు తిరిగి రాలేదు. బురదనేలలో అక్కడక్కడా స్తంభాల మీద బల్లలు కనిపిస్తున్నాయి చూడండి, అవి చేపలు పట్టే ఆస్ప్రే గద్దలు గూడు పెట్టుకోవడానికి మనుషులు నిలబెట్టినవి. అవి ఇప్పుడు దక్షిణానికి వలస వెళ్ళాయి కనుక గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆటపాకలో చెట్లు చచ్చిపోతే పెలికాన్ల కోసం అటవీశాఖవారు ఇనుప స్టాండ్లు కట్టిన సంగతి మన ప్రాంతం వారికి గుర్తుండే ఉంటుంది.

పక్కన కారు ఆపుకున్న ఒక పెద్దావిడ మూడుకాళ్ళ దుర్భిణిని మా అమ్మాయి ఎత్తుకు దించి, “చూడు” అని పిలిచింది. ఎవరో ఏమిటో తెలియదు. ఈ దేశంలో నవంబరు వచ్చిందంటే నాలుగున్నరకే చీకటి పడుతుంది, తలుపులు మూసుకుంటాము, వారాల తరబడి ఆఫీసువాళ్ళతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు ఉండవు. అందువల్ల ఆ పిలుపు నాకు ఆమె అనుకున్న దానికంటే ఎక్కువగా తాకింది. ఆ దుర్భిణిలో మా అమ్మాయి చూసినది సూదితోక బాతు. గోధుమరంగు తల, తెల్లని మెడ, వెనుక సన్నగా పొడుచుకువచ్చిన తోక. ఫోను కెమెరాను ఆ అద్దానికి ఆనించి నాన్నగారికి చూపించాను. ఆయన క్షణం ఆగకుండా, “ఇది మన కొల్లేటికి వచ్చేదే” అన్నారు. నిజమే. ఇవి ఉత్తరార్ధగోళమంతటా ఉన్న ఒకే జాతి. ఇక్కడికి కెనడా వైపు నుంచి దిగుతాయి, మనకు సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి దిగుతాయి. ఒకే చలికాలంలో ఒకే బాతు నా ఎదుటా ఉంది, ఆయన ఊరి పక్కనా ఉంది. మా అమ్మాయి ఫోను లాక్కుని “తాతయ్యా, నీ దగ్గర ఉన్నవాటికి కూడా ఇంత పొడుగు తోకేనా?” అని అడుగుతుంటే నేను కెమెరాను మరోవైపు తిప్పుకోవలసి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. 4 డాలర్ల టికెట్టుకు బదులు మేము కార్యాలయంలో 25 డాలర్లు, అంటే రెండువేల రూపాయల పైచిలుకు పెట్టి ఫెడరల్ డక్ స్టాంపు కొన్నాము. ఇది తపాలా బిళ్ళలా ఉంటుంది కాని ఉత్తరానికి అతికించేది కాదు. బాతులను వేటాడే పదహారేళ్ళు దాటిన ప్రతివారూ ఏటా దీన్ని కొనాలని 1934లో చట్టం చేశారు. కరువుతో బాతులు బాగా తగ్గిపోయిన రోజులవి. అప్పట్లో దాని ధర ఒక డాలరు. ఆ సొమ్ములో నూటికి 98 వంతులు బాతులకు కావలసిన చిత్తడినేలలు కొనడానికే వెళుతుంది. ఇలా ఇప్పటివరకు సుమారు 60 లక్షల ఎకరాలు కాపాడారు. ఈ అభయారణ్యంలోనూ కొన్ని భాగాలలో నియమాల ప్రకారం వేటకు అనుమతి ఉందని తెలిసినప్పుడు నాకు కష్టంగా అనిపించింది, ఇప్పటికీ అది నా మనసుకు పట్టదు. అయినా వేటగాడి జేబు నుంచే నేల కొనే డబ్బు రాబట్టిన ఆలోచనను నేను గౌరవిస్తాను. వేటతో సంబంధం లేని మాలాంటివారు కూడా దాన్ని కొనవచ్చు. జూన్ చివరి వరకు రుసుము ఉన్న ఏ జాతీయ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లోకైనా అదే ప్రవేశపత్రం. దేశంలో ఇలాంటివి 570కి పైగా ఉన్నాయి. వాటిలో మొదటిది 1903లో ఫ్లోరిడాలోని పెలికాన్ దీవిలో, పేరుకు తగినట్టు పెలికాన్ల కోసమే ఏర్పడింది.

కొల్లేరు అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 76,000 ఎకరాలు, దీనికంటే మనదే పెద్దది. ఫోర్సైత్ 1986లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది, కొల్లేరు 2002లో చేరింది. మనకు పక్షులు తక్కువ కాదు, నేల తక్కువ కాదు, తూము తెలిసిన మనుషులు అసలే తక్కువ కాదు. కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన 2006లో చేపల మీద బతికే కుటుంబాలు పడిన బాధ నాకు తెలుసు కనుక, అక్కడ ఇలాగే చేయాలని నేను తేలికగా అనలేను. కాని ఒక్క మడుగైనా, దాని తూమైనా పక్షి కాలాన్ని బట్టి నడిపి, ఆ పనికి మా నాన్నగారిలాంటి వారికి జీతమిచ్చి చూడమని అనగలను.

కారు దిగి నడవాలనుకుంటే లీడ్స్ ఎకో-ట్రెయిల్ ఉంది. గడ్డినేల మీదుగా చెక్కబాట వేశారు, అర మైలే కనుక పెద్దవారూ నడవగలరు. లోపల తినుబండారాలు దొరకవు, మేము పులిహోర కట్టుకుని వెళ్ళాము. పక్షులకు మాత్రం ఏమీ వేయకూడదు. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగుంకే వరకు తెరిచి ఉంటుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. మనవాళ్ళు తల్లిదండ్రులను పిలిపించేది పిల్లల సెలవులు చూసుకుని వేసవిలోనే. జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడ గ్రీన్‌హెడ్ అనే కుట్టే ఈగలు కారు అద్దం దించనివ్వవు, ఈ బాతులలో చాలావరకు అప్పటికి ఉత్తరానికి వెళ్ళిపోయి ఉంటాయి. అందుకని ఈసారి మా అమ్మానాన్నల టికెట్లు అక్టోబరు చివరికి తీస్తున్నాము. అమ్మాయికి బడి ఉంటే ఉండనీ, శని ఆదివారాలు చాలు. నాన్నగారు ఇప్పటికే వీసా కాగితాలు బయటికి తీశారు, బైనాక్యులర్స్ మాత్రం అక్కడే కొంటానని, ఇక్కడి ధరలు తనకు చెప్పవద్దని అన్నారు.