అయిదో పిచ్చుక
(కోత పండుగ ఆరాధనలో చేసిన ప్రసంగం)

అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, యవ్వనస్థులకు, పిల్లలకు అందరికీ వందనాలండి.

ఇందాక మీరు బల్ల ముందు పెట్టిన కానుకలు చూశాను. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, అరటి గెలలు, కంద, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు. కాసేపట్లో వేలం మొదలవుతుంది. సంతలో ముప్పై రూపాయలకు దొరికే సొరకాయను ఇక్కడ వెయ్యి రూపాయలకు పాడుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు సొరకాయ ధర తెలియక కాదు. అది దేవుని బల్ల ముందు పెట్టిన కాయ అని పాడుకుంటారు. నాకు ఆ వేలం అంటే ఇష్టం.

కానీ మన మధ్య ఏడాది పొడవునా ఇంకో వేలం జరుగుతుంది. అందులో పాట పెట్టేది మనుషుల్ని. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఉద్యోగాన్ని బట్టి ఇంత అంటాం, అమ్మాయి రంగు తక్కువైతే ఇంకొంచెం వేయమంటాం. పెద్ద కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, చిన్న కొడుకు రొయ్యల చెరువు మీద కాపలా అయితే, ఆ ఇద్దరి గురించి చెప్పేటప్పుడు కన్నతల్లి గొంతులో కూడా తేడా వచ్చేస్తుంది. ఇంటర్‌లో మార్కులు తగ్గిన పిల్లవాడు చుట్టాలొస్తున్నారంటే టెన్షన్ పడి బయటికి వెళ్లిపోతాడు. మన నరసాపురం వైపు ఆడవాళ్లు అల్లే లేసు దేశాలు దాటి వెళ్తుంది. 2024లో దానికి జీఐ, అంటే భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న లేసును రోజంతా నడుము నొప్పితో కూర్చుని అల్లే అమ్మను "ఏం చేస్తుంటారండి?" అని అడగండి. "ఏం లేదండి, ఇంట్లో ఖాళీయే" అంటుంది. ఆవిడ నోట ఆ మాట పలికించినవాళ్లం మనమే.

మత్తయి సువార్త 10వ అధ్యాయంలో యేసు ప్రభువు ఒక మాట అన్నారు. రెండు పిచ్చుకలను ఒక కాసుకు అమ్ముతారు కదా అని. అదే మాట లూకా సువార్త 12వ అధ్యాయంలో ఇంకోలా ఉంది. అక్కడ అయిదు పిచ్చుకలు రెండు కాసులకు. లెక్క చూడండి. కాసుకు రెండైతే రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది కొసరు. బేరం కుదిరినందుకు అమ్మేవాడు ఊరికే వేసింది. దానికి ధర తక్కువ కూడా కాదు, అసలు ధరే లేదు. "వాటిలో ఒకటైనను దేవుని యెదుట మరువబడదు" అని ప్రభువు అన్నప్పుడు ఆ అయిదో దాన్ని కూడా కలుపుకునే అన్నారు. ఎవరి లెక్కలోనూ లేనిది ఆయన లెక్కలో ఉంది.

ఈ మాటను మనం ఓదార్పుగా వాడుకుంటాం. వాడుకోవాలి కూడా. కానీ ప్రభువు దీన్ని ఏ సందర్భంలో చెప్పారో చూడండి. మిమ్మల్ని కొడతారు, అధికారుల ముందుకు ఈడుస్తారు, అయినా భయపడకండి, చెవిలో విన్నది మేడల మీద చాటండి అని శిష్యుల్ని పంపుతూ చెప్పారు. మీ విలువ మీ లోపల ఉంది కాబట్టి బయట ఎవరేమన్నా పడి ఉండండి అని ఆయన చెప్పలేదు. ఈ తేడా మన గోదావరి జిల్లాల క్రైస్తవులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ కుటుంబాలు నరసాపురం వైపు పని మొదలుపెట్టాయి. తర్వాత రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు బళ్లు పెట్టారు. ఊరి బడి గడప లోపల కూర్చోనివ్వని కాలంలో పేటల పిల్లలు ఆ బళ్లలో పలక పట్టుకున్నారు. మన నాయనమ్మలు, అమ్మమ్మలు బైబిలు చదువుకోవడానికి అక్షరాలు నేర్చుకున్నారు. వాళ్లలో కొందరు బైబిలు స్త్రీలై, కాలవ గట్ల వెంట ఎండలో నడిచి ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పారు. మిషన్ నివేదికల్లో దొరల పేర్లూ దొరసానుల పేర్లూ ఉన్నంతగా ఈ తల్లుల పేర్లు లేవు. దేవుని రూపంలో చేయబడినవాళ్లం అని నమ్మినందుకే వాళ్లు తలెత్తారు, పిల్లల్ని తలెత్తి నడవమన్నారు.

అలాంటి తల్లుల పిల్లలం కట్టుకున్న గుడిలో ముందు వరస కుర్చీలు ఎవరికి వేస్తున్నామో ఒక్కసారి చూసుకోవాలి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టల వాడిని నా పాదపీఠం దగ్గర కూర్చోమంటే అది పక్షపాతం కాదా అని యాకోబు పత్రిక 2వ అధ్యాయం సూటిగా అడుగుతుంది. దీనికి నేను వేరే వ్యాఖ్యానం చెప్పనవసరం లేదు.

ఇక శ్రమల్లో కృతజ్ఞత సంగతి. ఇది తేలిగ్గా చెప్పే విషయం కాదు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకు 1986 ఆగస్టు వరద తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తెలుసు. ఆ ఒక్క తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరి తోటలకు తోటలే పడిపోయాయి. కొబ్బరి మొక్క వేస్తే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంటే ఆ రాత్రి పోయింది ఒక పంట కాదు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ముసలితనంలో ఆసరా అన్నీ కలిసి పోయాయి. తెల్లారి ఆ తోటలో నిలబడిన మనిషి దగ్గరకు వెళ్లి "స్తోత్రం చెప్పండి బ్రదర్" అనడం తప్పు. అప్పుడు పక్కన నిలబడాలి, నోరు తెరవకూడదు.

హబక్కూకు ప్రవక్త ఏం చేశాడో చూడండి. ఆయన పుస్తకం మొదలయ్యేదే ఫిర్యాదుతో. ఎన్నాళ్లు మొఱ్ఱపెట్టినా నువ్వు వినవేమిటి అని దేవుణ్ణే అడిగాడు. చివరి అధ్యాయంలో "యెహోవాయందు ఆనందించెదను" అనే ముందు పోయినవన్నీ ఒక్కొక్కటే పేరు పెట్టి లెక్క చెప్పాడు. అంజూరపు చెట్లు పూయలేదు, ద్రాక్షలు కాయలేదు, ఒలీవలకు కాపు లేదు, చేనిలో పైరు పంటకు రాలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఏదీ దాచలేదు. మన రైతు చెప్తే ఎలా ఉంటుంది? కోతకొచ్చిన చేను వానకు పడిపోయింది, వెన్ను మీదే గింజ మొలకెత్తింది, మిగిలింది రంగు మారింది, తేమ 17 శాతం దాటిందని కొనేవాడు ధరలో కోత పెట్టాడు, కౌలు మాత్రం మొత్తం కట్టాలి. ఇదంతా దేవుని ముందు చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాక కూడా "అయినా నువ్వు నా దేవుడివే" అనగలిగితే, ఆ కృతజ్ఞతకు బరువు ఉంటుంది.

అందుకే మన సాక్ష్యాల గురించి నాకు ఒక బాధ ఉంది. సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తే వీసా వచ్చినవాళ్లు వస్తారు, జబ్బు తగ్గినవాళ్లు వస్తారు, ఉద్యోగం దొరికినవాళ్లు వస్తారు. సంతోషమే. మరి డయాలిసిస్ ఇంకా నడుస్తున్న అన్నయ్య? కొడుకు తాగుడు మానని అక్క? ఇరవై ఏళ్లుగా పిల్లల కోసం ప్రార్థన చేసి ఇక అడగడం మానేసిన దంపతులు? వాళ్లు వెనక వరసలో కూర్చుంటారు. తమ విశ్వాసం చాలలేదేమో అని లోపల కుమిలిపోతారు. వాళ్లు ప్రతి ఆదివారం గుడికి వస్తున్నారు కదా, ప్రార్థనకు జవాబు రాకపోయినా పాట పాడుతున్నారు కదా. నాకు అంతకంటే పెద్ద సాక్ష్యం కనబడదు. వాళ్లకు మైకు ఇవ్వండి. కథ సుఖాంతం కాలేదని మధ్యలో ఆపించకండి.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల అర్ధరాత్రి పాటలు పాడారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం, కానీ ఎక్కువగా భూకంపం దగ్గర ఆగిపోతాం. ఆ తర్వాత చదవండి. చెరసాల నాయకుడు ఆ రాత్రే వాళ్ల గాయాలు కడిగాడు. అంటే పాట పాడేటప్పుడు గాయాలు ఉన్నాయి, పాట పాడాక కూడా ఉన్నాయి. వాటిని ఎవరో ఒకరు నీళ్లు తెచ్చి కడగాల్సి వచ్చింది. తెల్లారాక న్యాయాధిపతులు కబురు పంపారు, వెళ్లిపోండని. పౌలు వెళ్లలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా అందరి ముందూ కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు భయపడి వచ్చారు, బతిమాలుకున్నారు. రాత్రి స్తుతి పాడినవాడే పొద్దున గౌరవం అడిగాడు. స్తుతించేవాళ్లు నోరు మూసుకుని ఉండాలని ఎవరైనా చెబితే ఈ అధ్యాయం తెరిచి చూపించండి.

ఇప్పుడు నిస్వార్థం. ఈ మాట అనగానే మన చూపు ఆడవాళ్ల వైపు తిరుగుతుంది. "ఆవిడ త్యాగమూర్తి" అంటాం. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినడం, ఒంట్లో బాగోకపోయినా చెప్పకపోవడం, వీటికి త్యాగం అని పేరు పెట్టి హాయిగా ఉంటున్నాం. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగే ముందు ఒక వచనం ఉంది. తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చానని, దేవుని దగ్గరికే వెళ్తానని ఎరిగి, ఆయన లేచి తువాలు కట్టుకున్నారు. తానెవరో పూర్తిగా తెలిసి వంగారు. ఎవరూ ఆయన్ని వంచలేదు. తన విలువ తెలియనివాడి మీద పడే చాకిరీని ఆ తువాలుతో సమానం చేయకూడదు. కాళ్లు కడిగించుకోవడానికి అలవాటు పడినవాళ్లు ముందు తువాలు పట్టుకోవాలి. ఇంట్లో మగవాళ్లు, సంఘంలో మాలాంటి మైకు పట్టుకునేవాళ్లు.

కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వీసా ఆ ఇంటి యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి నచ్చకపోతే మానేసి రావడం తేలిక కాదు. ఇక్కడ ఏజెంటు అప్పు. అక్కడ ఎవరి పిల్లలకో స్నానం చేయించి, రాత్రి పదకొండుకు తన పిల్లల మొహం వీడియో కాల్‌లో చూసుకోవడం. వాళ్లు పంపిన డబ్బుతో డాబాలు లేచాయి, మన గుడికి స్లాబు కూడా పడింది. అయినా ఊళ్లో వాళ్ల మాట వస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇది పాపం. ఆ తల్లి విలువ ఆవిడ పంపిన డ్రాఫ్టులోనూ లేదు, ఈ గుసగుసల్లోనూ లేదు.

వరదల్లో మనం పులిహోర పొట్లాలు పంచాం, బియ్యం ఇచ్చాం. మంచిదే. కానీ ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫోటో తీసేటప్పుడు తీసుకునేవాడి తల ఎలా వంగుతుందో గమనించండి. మన పెద్దవాళ్ల పిడికెడు బియ్యం పద్ధతి నాకు అందుకే గొప్పగా అనిపిస్తుంది. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం అన్నీ ఒకే గోనెలో కలిసిపోయేవి. తీసుకున్నవాళ్లు ఎవరికీ తలవంచాల్సిన పని ఉండేది కాదు.

ఒక మాట అడిగి ముగిస్తాను. మన సంఘంలోనే తల్లి గల్ఫ్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గరో మేనత్త దగ్గరో పెరుగుతున్న పిల్లలు ఉన్నారు. శనివారం సాయంత్రాలు గుడి వరండాలో వాళ్లకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి మనుషులు కావాలి. డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీలో ఉన్నారు. రిటైరైన మాస్టర్లు ఉన్నారు. చదువు చెప్పలేనివాళ్లు చీకటి పడ్డాక పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపి రావచ్చు. వచ్చే శనివారం నుంచే మొదలుపెడదాం. పేర్లు స్త్రీల సమాజం కార్యదర్శిగారికి ఇవ్వండి. వందనాలు.