మే నెల మధ్యాహ్నం కుందేలు ఎక్కడ ఉంటుంది?

అందరికీ నమస్కారం. పెంచలేకపోతున్న కుందేళ్లని ఇంకో ఇంటికి ఎలా ఇవ్వాలో ఇవాళ మాట్లాడుకుందాం.

మన విజయనగరంలో పిల్లల పుట్టినరోజుకని కుందేళ్ల జత కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏడాది తిరక్కుండా "ఎవరైనా తీసుకుంటారా, కాస్త చూడండి" అని అడిగేవాళ్లూ తక్కువేం కాదు. బదిలీ అంటారు, పిల్లల పరీక్షలంటారు. ఎక్కువగా వినపడేది మాత్రం "రెండు తెచ్చాం, పది అయ్యాయి" అనే మాటే. కుందేలు చూడితో ఉండేది 31 రోజులు, అటూ ఇటూగా. ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు. అమ్మినవాళ్లు "రెండూ ఆడవే" అన్నారని ఊరుకోకుండా, ఇచ్చే ముందే డాక్టరుకి చూపించండి. ఆడా మగా కలిపి ఇచ్చేస్తే మన టెన్షన్ అవతలి ఇంటికి అంటగట్టినట్టే.

ఊరి బయట జీడితోటలో వదిలేస్తే బతికేస్తాయి అనుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మన పొలాల్లో పరిగెత్తే అడవి కుందేలు వేరే జాతి. మన ఇళ్లలో ఉన్నవి యూరప్ కుందేలు నుంచి తరతరాలుగా మనుషుల దగ్గర పెరిగినవి. తెల్లటి ఒంటితో కుక్కకీ ముంగిసకీ ఇట్టే దొరికిపోతాయి. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఇల్లు చూడకుండా మాత్రం ఇవ్వకండి. నేను మొదట అడిగేది ఒకటే, మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి ఇది ఎక్కడ ఉంటుంది? కుందేలుకి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. మన ఎండలు, ఆపైన ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఒక ఇంటికి వెళ్లాం. మనుషులు ఎంతో మంచివాళ్లు. బోను ఎక్కడ పెడతారంటే డాబా మీదికి తీసుకెళ్లారు. పైన సిమెంటు రేకులు, పడమటి ఎండ నేరుగా కొడుతోంది. రేకు కింద చెయ్యి పెడితే సెగ. బోను అడుగున ఉత్త ఇనుప వల, దానిమీదే ఉంటే పాదాలు పుండ్లు పడతాయి. "ఇక్కడైతే ఇవ్వలేమండీ" అన్నాం. ఆ ఇంటి మామ్మగారు మాట్లాడకుండా మమ్మల్ని కిందికి తీసుకెళ్లి, వంటింటి వెనక వరండా చూపించారు. గచ్చు నేల, బాదం చెట్టు నీడ, గాలి. వలమీద చెక్క పలక వేయించారు. అక్కడికే ఇచ్చాం.

తర్వాత గడ్డి. "క్యారెట్లు పెడతామండీ" అంటే సరిపోదు. క్యారెట్ తీపి, ఎప్పుడో ఒక ముక్క చాలు. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలన్నా, కడుపు నడవాలన్నా గడ్డే దాని తిండిలో ముప్పాతిక పైన ఉండాలి. గరిక ఎక్కడ కోస్తారు, వానాకాలంలో ఎండుగడ్డి ఎక్కడ దాస్తారు అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే, ఆ ఇంట్లో దీని గురించి ముందే ఆలోచించారని అర్థం. ఇది ఎనిమిది, పదేళ్లు బతికే ప్రాణి అని కూడా చెప్పండి. ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్లాడు కాలేజీకి వెళ్లేదాకా అన్నమాట.

కూరకి పట్టుకుపోయేవాళ్లూ వస్తారు. మొదటి మాటే "ఎంత బరువుంది?" అయితే జాగ్రత్తపడండి.

ఇచ్చే రోజున పాత బోను, అలవాటైన గడ్డి వారానికి సరిపడా పంపండి. ఎత్తుకునేటప్పుడు వెనక కాళ్ల కింద చెయ్యి ఆనించాలని చేసి చూపించండి. గింజుకుంటే నడుం విరగొచ్చు. మర్నాడు ఫోన్ చేసి పెంటికలు వేసిందా, గడ్డి తిందా అని అడగండి. సగం రోజు ఏమీ తినకపోతే ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఏ కారణంతోనైనా పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వకుండా తిరిగి మీకే ఇమ్మని ముందే మాట తీసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.