పసివాడి సున్తీ: చేయించాలా, అక్కర్లేదా?

శ్రోతలకు నమస్కారం. కూతురి పురిటికని అమెరికా వెళ్ళొచ్చిన అమ్మలు మన చెన్నై తెలుగువాళ్ళలో చాలామందే ఉన్నారు. అక్కడ మగబిడ్డ పుడితే, సున్తీ చేయించమంటారా అని ఆసుపత్రిలోనే అడుగుతారు. కూతురు ఫోన్‌లో ఆ మాట చెప్పగానే "మనకెందుకే అది!" అంటూ ఇక్కడ టి.నగర్‌లో కంగారు.

అమెరికాలో అది మతంతో పనిలేని అలవాటు. అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లో, నష్టాలకన్నా లాభాలే ఎక్కువంది. అయినా పుట్టిన ప్రతి మగబిడ్డకూ చేయించమనేంత కాదనీ, నిర్ణయం తల్లిదండ్రులదేననీ చెప్పింది. 2015లో కెనడా డాక్టర్లు అందరికీ అక్కర్లేదన్నారు. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిపిన పరీక్షల్లో, సున్తీ చేయించుకున్న మగవాళ్ళకు స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకడం సుమారు 60 శాతం తగ్గింది, నిజమే. కానీ వాళ్ళు పెద్దవాళ్ళు, ఇష్టపడి చేయించుకున్నవాళ్ళు. ఆ లెక్క తెచ్చి పొత్తిళ్ళలో ఉన్నవాడికి అంటగట్టడం నాకు సబబనిపించదు.

ట్రిప్లికేన్‌లోని ముస్లిం కుటుంబాలకు ఇది విశ్వాసం, ఇంట్లో వేడుక. జర్మనీలో 2012లో కొలోన్ కోర్టు దీన్ని నేరమంటే, ఆ ఏడాది చివరికే పార్లమెంటు అనుమతిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ఆ కుటుంబాలతో నాకు వాదన లేదు. నొప్పి తెలియకుండా మందిచ్చి చేసే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళమంటాను. పసివాళ్ళకు నొప్పి తెలియదనేది వట్టి మాట. మూత్రద్వారం కిందివైపుకుంటే మాత్రం ఆగాలి. దాన్ని సరిచేసే ఆపరేషన్‌కు, సున్తీలో తీసేసే ముందరి చర్మం అవసరం పడొచ్చు. బిడ్డ మేనమామలకు రక్తం గడ్డకట్టని జబ్బుంటే ముందే చెప్పాలి.

మన ఇళ్ళలో గొడవ వేరు. కాళ్ళమీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళుపోసేటప్పుడు, బామ్మగారో ఆయమ్మో ముందరి చర్మాన్ని వెనక్కి లాగుతారు. రాకపోతే "బిగుసుకుపోయిందమ్మా, కోయించాలేమో" అంటారు. ఇక తల్లికి టెన్షన్! పుట్టినప్పుడు ఆ చర్మం లోపల అంటుకునే ఉంటుంది, అది జబ్బు కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ దానంతటదే విడుతుంది, కొందరికి పదేళ్ళు దాటాక కూడా. బలవంతంగా లాగితే చిట్లి, మచ్చకట్టి, అప్పుడు నిజంగానే బిగుస్తుంది. పైపైన కడిగితే చాలు.

మూత్రం పోసేటప్పుడు ఏడుస్తున్నా, ధార సరిగా రాకపోయినా డాక్టరుకు చూపించండి. వెనక్కి లాగిన చర్మం తిరిగి ముందుకు రాకుండా వాచిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.