ఇరుకు పార్కింగ్‌లో షట్టర్‌కి మోటారు: ముందు స్ప్రింగు సంగతి చూడండి

[షట్టర్ ముందు నిలబడి]

"సార్, మోటారు పవర్ సరిపోవట్లేదు, పెద్దది వేయాలి." ఈ మాట వింటే నాకు చిరాకు. మొన్న బోడుప్పల్‌లో మా బావగారికీ ఇదే చెప్పారు. నూరు గజాల ఇల్లు. అద్దాలు మడిస్తే తప్ప కారు లోపలికి పట్టదు. షట్టర్‌కి ఇటు గోడ, అటు మెట్లు, పైన బీము. పెద్ద మోటారు ఎక్కడ పెడతారండీ, మా నెత్తిమీదా?

గోదాముల్లో చూసే ఉంటారు, షట్టర్ పక్కన బ్రాకెట్ మీద బండలాంటి మోటారు, దాన్నుంచి పైపుకి గొలుసు. బరువంతా అదే లాగుతుంది. కానీ పక్కన జాగా కావాలి. మన ఇరుకు ఇళ్లకి వేసేది సెంట్రల్ మోటారు. షట్టర్ చుట్టుకునే పైపుకే మధ్యలో బిగిస్తారు, చుట్టలోనే దాక్కుంటుంది. పక్కన జాగా అడగదు గానీ, దానితో బరువు మోయించకూడదు. మోసేది స్ప్రింగు.

[తరాజు చూపిస్తూ]

మోండా మార్కెట్‌లో తరాజు అనుకోండి. ఒక పక్క రెండు కిలోల ఉల్లిగడ్డ, ఇంకో పక్క రెండు కిలోల బాట్లు. చిటికెన వేలితో తాకితే చాలు, ఉల్లిగడ్డ లేస్తుంది. లేపింది వేలా, బాట్లా? షట్టర్ రేకు ఉల్లిగడ్డ, స్ప్రింగు బాట్లు, మోటారు చిటికెన వేలు.

ఇందులో నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. షట్టర్ చుట్టుకునే కొద్దీ వేలాడే రేకు తగ్గుతుంది, అంటే ఉల్లిగడ్డ తగ్గుతోంది. అదే సమయంలో స్ప్రింగూ వదులవుతుంది, అంటే బాట్లూ తగ్గుతున్నాయి. ఎవరూ చెయ్యి పెట్టకుండానే! దించేటప్పుడు మళ్లీ రెండూ పెరుగుతాయి. కనిపెట్టినవాడికి దండం పెట్టాలి.

మీ తూకం ఎలా ఉందో చూడాలంటే, మెయిన్ ఆపి, రిలీజ్ తాడు లాగి మోటారు బ్రేకు వదలండి. షట్టర్‌ని చేత్తో నడుము ఎత్తుకి లేపి మెల్లగా చెయ్యి తీయండి. కాళ్లు మాత్రం కింద ఉంచకండి. అక్కడే నిలిస్తే సరి. జారితే బాట్లు తక్కువ, పైకి ఎగిరితే ఎక్కువ.

బావగారి షట్టర్‌ని ఇద్దరం కలిసి కూడా లేపలేకపోయాం. విప్పించి చూస్తే నాలుగు స్ప్రింగుల్లో రెండు విరిగి ఉన్నాయి. పాత గోడ గడియారంలో ఉంటుందే, అలా చుట్టిన ఇనుప పట్టీ. పైపుకి తగిలించే కొక్కెం దగ్గర తుప్పు తినేసింది, స్ప్రింగు ఉండే డబ్బా వంచితే ఎర్రటి పొడి రాలింది. అంటే ఇన్నాళ్లూ చిటికెన వేలితో కిలో ఉల్లిగడ్డ ఎత్తిస్తున్నాం! వేడెక్కదా మరి? వేడెక్కితే లోపలి థర్మల్ కటాఫ్ ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ నడుస్తుంది. దానికే "మోటారు వీక్" అని పేరు పెట్టారు. రెండు స్ప్రింగులు మార్చాం, పాత మోటారే ఇప్పుడు హాయిగా నడుస్తోంది. స్ప్రింగులు మాత్రం మీరు విప్పకండి. చుట్టి ఉన్న పట్టీ ఊడిందంటే వేళ్లు పోతాయి.

[గడియారం చూసుకుని]

అయ్యో, టైమైపోయింది. మిగతావి గబగబా చెప్పేస్తా. షట్టర్ మొత్తం చుట్టుకున్నాక చుట్ట ఎంత లావవుతుందో ముందే కొలవండి, బీముకి రాసుకోకూడదు. కింద లిమిట్, అంటే దిగేటప్పుడు మోటారు ఆగే చోటు, షట్టర్ నేల తాకగానే ఆగేలా పెట్టించండి. అమెరికాలో ఇళ్ల గ్యారేజీ ఓపెనర్లకి, కింద ఏదైనా అడ్డొస్తే తలుపు వెనక్కి మళ్లే ఏర్పాటు 1993 నుంచి తప్పనిసరి. ఇక్కడ అలా అడ్డు పసిగట్టే సెన్సర్ అడిగితే "అది ఎక్స్‌ట్రా సార్" అంటారు. ఎక్స్‌ట్రా ఇచ్చి పెట్టించండి, నేలకి ఆరు అంగుళాల లోపే ఉండాలి, పాకే పిల్లలు కూడా దాని కిందనుంచి దూరిపోకూడదు. ఎర్తింగ్ మరవకండి.

ఇంకోటి. ఇంట్లోకి షట్టర్ తప్ప వేరే దారి లేకపోతే, రిలీజ్ తాడుని బయటికి తెచ్చి తాళం వేసే పెట్టెలో పెట్టించండి. మా బావగారి తాడు లోపలే ఉంది. కరెంటు పోయిన రోజు ఆయన పక్కింటి డాబా మీంచి దిగారు, యాభై ఎనిమిదేళ్ల వయసులో.