నీళ్ల కోసం పుస్తకమంత బ్యాలెట్ తిప్పిన అవ్వకు ఏ పరీక్ష పెడ్తరు?

(జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు నల్లగొండల జరిగిన డిబేట్ పోటీ ప్రైజుల సభల మాట్లాడింది)

స్టేజీ మీదున్న పెద్దలకు, సార్లకు, మేడంలకు, ఎనక నిలబడ్డ తల్లిదండ్రులకు, పిల్లలకు అందరికీ నమస్తే. నన్ను పిలిచింది ప్రైజులు ఇయ్యమని, ఎలక్షన్ కమిషన్ 1950 జనవరి 25న పుట్టింది కాబట్టి దాని చరిత్ర ఓ పది నిమిషాలు చెప్పమని. రాసుకొని గూడ వచ్చిన, కాగితం జేబులనే ఉంది. అది ఇయ్యాల తియ్య. ఎందుకంటే ఫస్ట్ ప్రైజ్ వచ్చిన తమ్ముడు ఇందాక మాట్లాడిండు కదా, ఓటెయ్యాలంటే ముందు ఓ పరీక్ష పాస్ కావాలె, రాజ్యాంగం మీద, బడ్జెట్ మీద ఇరవై ప్రశ్నలు, పాసైనోళ్లకే ఓటరు కార్డు అని, మీరంత చప్పట్లు కొట్టిండ్రు. మంచిగనే మాట్లాడిండు, భయం లేకుండ మాట్లాడిండు, ప్రైజ్ ఆయనకే రావాలె. కానీ ఆ చప్పట్లు ఇనంగనే నాకు 1996 యాదికొచ్చింది, ఇగ అది చెప్పకుండ ఇంటికి పోలేను.

పిల్లలూ, మీకు ఎర్కేనా, ఆ ఏడు మన నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డరు. నాలుగు వందల ఎనభై! ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి బొక్కలు వంకర పోయినయి, ఎన్నేండ్లు మొత్తుకున్నా ఎవరూ ఇనలె, అప్పుడు దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపుతోటి రైతులు, ఫ్లోరోసిస్ తోటి నడవలేనోళ్లు గూడ డిపాజిట్ కట్టి నామినేషన్లు ఏసిండ్రు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. అంతమందికి బ్యాలెట్ ఎట్ల కొట్టాలె, డబ్బాలు ఎంత పెద్దగ చెయ్యాలె అని ఎలక్షనే వాయిదా పడ్డది. అదే ఏడు చట్టం మార్చి డిపాజిట్ 10,000 చేసిండ్రు. దేశమంత నల్లగొండ దిక్కు చూసింది ఆ పొద్దు.

నేనప్పుడు పంతులుని. మర్రిగూడ దిక్కు ఓ ఊర్ల ఎలక్షన్ డ్యూటీ పడ్డది, ఏలుకు సిరా పెట్టి ఏలిముద్ర తీసుకునే పని నాది. ఎండ దంచుతున్నది. ఓ అవ్వ వచ్చింది. నడుము సగానికి వంగింది, తల పైకెత్తి నా మొకం చూడలేదు, పక్కకు తిప్పి చూస్తది. ముద్ర ఏద్దామంటే ఆమె బొటనేలు సక్కగ చాగలె, నేనే పట్టుకొని మెల్లగ ఒత్తిచ్చిన. పుస్తకమంత బ్యాలెట్ చేతుల పెట్టినం. "నా గుర్తు ఏడుందో జర చూపియ్యి బిడ్డా" అన్నది. చూపియ్యొద్దు అవ్వా, నువ్వే ఎతుక్కోవాలె అన్న. అట్ట చాటుకు పోయింది. కింద నుంచి ఆమె పాదాలు రెండే కనవడ్తున్నయి నాకు, ఒకటి లోపలికి మళ్లింది, దాని మీద బరువు ఎయ్యలేక ఇంకోదాని మీదికి, మల్ల దీని మీదికి. బయట లైన్ల లొల్లి. నాకూ తొందరైంది, "అవ్వా, జల్ది" అని కసిరిన. కసిరిన. అది ఇప్పటికీ నా మనసుల గుచ్చుతనే ఉంది.

చానా సేపటికి బయటికొచ్చి "దొరికింది" అన్నది, అంతే. డబ్బాల ఏసి, పోయేటప్పుడు మా బల్ల మీది నీళ్ల జగ్గు చూసి ఆగింది. "ఇవి బోరింగు నీళ్లా? తాగకు బిడ్డా, పిల్లలు గల్లోనివి, నాలెక్క అయితవు" అన్నది.

ఇప్పుడు చెప్పు తమ్మీ, ఆమెకు ఏం పరీక్ష పెడ్తవ్? లీటరు నీళ్లల్ల ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటొద్దని బుక్కుల ఉంటది, ఆ అంకె ఆమెకు తెల్వది. ఆ అంకె దాటితే ఏమైతదో మాత్రం ఆమె కంటే ఎక్కువ తెలిసినోడు ఆ రూముల ఎవడూ లేడు, నాతో సహా, నేను బీఈడీ చేసినోన్ని. ఆమె అడిగేది నీళ్లు. నీ ఇరవై ప్రశ్నలల్ల నీళ్ల ప్రశ్న ఉంటదా? ప్రశ్నపత్రం ఎవరు రాస్తరు? మర్రిగూడోళ్లు రాస్తరా, హైదరాబాదుల ఏసీ రూముల కూసున్నోళ్లు రాస్తరా? నా బాధంత అక్కడనే ఉన్నది.

ఈ పరీక్ష కొత్తదేం కాదు. అమెరికాల దక్షిణాది రాష్ట్రాలల్ల నల్లోళ్లను ఓటుకు దూరం పెట్టనీకి ఇట్లనే పరీక్షలు పెట్టిండ్రు. లూసియానాల ఒక పేపరుంటది, పది నిమిషాలల్ల 30 ప్రశ్నలు, ఒక్కటి తప్పినా ఫెయిలే. దిద్దేది తెల్లాయన. కొన్ని రాష్ట్రాలల్ల అయితే తాతలకు ఓటుంటే మనుమలకు పరీక్షే లేదు, నల్లోళ్ల తాతలేమో బానిసలాయె. 1965ల ఓటింగ్ హక్కుల చట్టం వచ్చినంకనే ఆ పరీక్షలు ఆగినయి. మన దగ్గర గూడ ఇంగ్రేజోళ్ల కాలంల, 1935 చట్టం కింద, పన్ను కట్టినోళ్లకు, ఆస్తి ఉన్నోళ్లకు, చదువుకున్నోళ్లకే ఓటు. నిజాం రాజ్యంల మనకైతే అదీ లేదు. అందరికీ ఓటు ఉండాలెనని అంబేద్కర్ సైమన్ కమిషన్ ముందే అడిగిండు. అది 326వ ఆర్టికల్ అయింది.

మొదటి ఎలక్షన్ 1951-52ల అయినప్పుడు దేశంల నూటికి 18 మందికే చదువొచ్చు. అందుకే గుర్తులు పెట్టిండ్రు, ఒక్కో క్యాండిడేట్‌కు ఒక్కో డబ్బా పెట్టిండ్రు. అప్పుడు మన నల్లగొండోళ్లు ఏం చేసిండ్రు? ఎట్టిచాకిరి చేసి, ఆంధ్ర మహాసభ సంఘంల తిరిగి, జైళ్లు చూసినోళ్లు. తెలంగాణ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతోటి ఢిల్లీకి పంపిండ్రు. వాళ్లల్ల ఎంతమందికి సంతకమొచ్చు? చెప్పుండ్రి!

తమ్ముడు పైసల ముచ్చట గూడ తీసిండు, ఓటు అమ్ముకుంటున్నరని. నిజమే, నాకూ కడుపు మండుతది. కానీ పంచేటోళ్లను చూసినవా? డిగ్రీ చదివినోళ్లే, ఇంటింటి లెక్క ఫోన్ల ఎక్కిస్తరు. వాళ్లకు నీ పరీక్షల నూటికి నూరు వస్తయి. ఇగ చదువుకున్నోళ్ల సంగతంటవా, 2023 అసెంబ్లీ ఎలక్షన్లల హైదరాబాద్ జిల్లాల సగం మంది గూడ ఓటుకు రాలె, మన మునుగోడుల 90 శాతం దాటింది.

ఆ అవ్వ ఓటేసిన 19 ఏండ్లకు, 2015ల, చౌటుప్పల్‌ల మిషన్ భగీరథ పైలాన్ పడ్డది, ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే పథకం అది. ఆలస్యమైంది, చానా ఆలస్యమైంది, ఆమె నడుము సక్కగ కాదు. కానీ అడిగింది ఆమెలాంటోళ్లే కదా, అడగనీకి చేతుల ఉన్నది ఆ ఓటొక్కటే. దాన్ని గుంజుకొని ముందు పరీక్ష రాయమంటే, ఇగ ఎవరిని అడగాలె ఆమె?

టైం అయిందని చిట్టీ పంపిండ్రు, ఆపుతున్న. ఒక్కటి మాత్రం అడుగుత. 96ల ఆ 480 మందిల నామినేషన్ ఏసినోళ్లు ఈ హాల్ల ఎవరన్న ఉన్నరా? ఉంటే జర చెయ్యెత్తుండ్రి. ఆగో, ఆ గోడ దగ్గర ఒకాయన ఎత్తిండు. అన్నా, నువ్వు రాలేకుంటే అక్కడనే కూసో, ఈ తమ్ముడే మైకు నీ దగ్గరికి తెస్తడు. తమ్మీ, ఇగో పట్టు.