ఇంట్లో చేసుకున్న ప్లైవుడ్ పడవ: రెండేళ్లు వాడాక రివ్యూ

హాయ్ అందరికీ, ఇదిగో నా వెనకున్నదే పడవ, పొడవు 12 అడుగులు, కింద చదునుగా ఉంటుంది, ఇద్దరం కూర్చుని హాయిగా గాలం వేసుకోవచ్చు. షీట్ 8 అడుగులే కదా అంటారేమో, రెండు షీట్ల చివర్లు ఏటవాలుగా చెక్కి అతికించాను, మందానికి 8 రెట్లు ఏటవాలు ఉండాలి, అంటే 6 ఎంఎం ప్లైకి 48 ఎంఎం.

ప్లై మెరైన్ గ్రేడే, అంటే నీళ్లలో నానినా పొరలు విడిపోని రకమే తీసుకోండి. మెరైన్ అని స్టాంప్ ఉన్నా నేను నమ్మలేదు, చిన్న ముక్క కోసి గంటలకొద్దీ నీళ్లలో మరిగించి, ఆరబెట్టి, మళ్లీ మరిగించాను, పొరలు విడిపోలేదు. కోసిన అంచు కూడా చూడండి, మధ్య పొరల్లో ఖాళీలుంటే ఆ షీట్ వద్దు.

ముక్కలకి అంచుల్లో చిన్న బెజ్జాలు పెట్టి కేబుల్ టైలతో కుట్టేస్తే పడవ ఆకారం దానంతటదే వచ్చేస్తుంది, ఆ సాయంత్రం నేను చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నా. తర్వాత ఎపాక్సీలో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురులో, సన్నటి చెక్కపొడి కలిపి లోపలి మూలలు నింపి, పైన ఫైబర్‌గ్లాస్ టేప్ వేయాలి. హార్డెనర్ (గట్టిపడేలా చేసే ఆ రెండో ద్రవం) కలిపాక ఎపాక్సీని కప్పులోనే వదిలేయకండి, వేడెక్కి పొగలొస్తుంది, వెడల్పు ట్రేలో పరిచేస్తే నిదానంగా గట్టిపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పెయింట్ అయిపోయాక తెడ్డు బ్రాకెట్ల కోసం తిన్నగా డ్రిల్ చేసి స్క్రూలు బిగించేశా, బెజ్జం లోపల ఎపాక్సీ రాయలేదు. మొదటి ఏడాదికే చుట్టూ చెక్క నల్లబడి, గోరుతో నొక్కితే దిగిపోతోంది. 6 ఎంఎం చాలదేమో, 9 వేయాల్సిందేమో అని చాలామంది అడుగుతారు, నా పడవలో మాత్రం మందం వల్ల ఏ ఇబ్బందీ రాలేదు, పాడైందల్లా ఆ నాలుగు బెజ్జాల దగ్గరే. పుచ్చిన చెక్కంతా తీసేసి, ఆరబెట్టి, పెద్ద బెజ్జం చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ డ్రిల్ చేశాను. అప్పట్నుంచి చుక్క నీరు దిగలేదు. ప్రతి బెజ్జం, ప్రతి కోసిన అంచు ఇలాగే చేయండి, దయచేసి.

ఎండకి ఎపాక్సీ పాడవుతుంది, కాబట్టి పైన పెయింట్ తప్పనిసరి.

సీట్ల కింద ఫోమ్ నింపాను. నడుము లోతులో పడవ నిండా నీళ్లు పోసి ఇద్దరం ఎక్కి కూర్చున్నాం, మునగలేదు. ఆ పరీక్ష కాకుండా లోతుకి వెళ్లొద్దు, లైఫ్ జాకెట్ లేకుండా అసలే వెళ్లొద్దు.