ఎపిసోడ్: ఫ్రెస్నో ద్రాక్షతోటల నుంచి గ్లెండేల్ దాకా

వాసు: రికార్డవుతోందా? నాకు ఎర్ర చుక్క కనిపించడం లేదు.

లలిత: అవుతోంది బావా, మొదలుపెట్టండి. ఈసారి రెండే షరతులు. పెరుగు గొడవ ఎత్తకూడదు, బందరు రాకూడదు.

వాసు: పెరుగు సంగతి ఎత్తింది మీ అక్క, నేను కాదు. సరే, అందరికీ నమస్కారం. ఈ వారం విషయం, కాలిఫోర్నియాలో ఆర్మేనియన్లు ఎక్కడెక్కడ ఉంటారు, ఎందుకు అక్కడే ఉంటారు అని. మా లలిత లాస్ ఏంజిలెస్ పక్కన గ్లెండేల్‌లో ఫ్లాట్ తీసుకున్న దగ్గర్నుంచీ ఫోన్ చేస్తే ఇదే కథ. పైనింటి ఆవిడ ఏం పంపింది, బేకరీలో ఏం కొన్నాను...

లలిత: మీరు వచ్చినప్పుడు ఆ బేకరీ ముందు నిలబడి మూడు లహ్మజూన్‌లు తిన్నారు, అది చెప్పరేం?

వాసు: చెప్తాను. పల్చటి రొట్టె మీద కీమా పూసి కాలుస్తారు, డజను లెక్కన కాగితంలో చుట్టి ఇస్తారు, నిమ్మకాయ పిండుకుని చుట్ట చుట్టుకుని తినాలి. అయిపోయింది. ఇప్పుడు అసలు విషయం. నన్నడిగితే ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎక్కడ మనవాళ్లుంటే అక్కడికి పోతాం. ఫ్రీమాంట్‌లో మన తెలుగువాళ్లు లేరా? అంతే.

లలిత: అంతేనా?

వాసు: అంతే.

లలిత: మరి ఫ్రెస్నో సంగతేంటి? ఇవాళ కాలిఫోర్నియా ఆర్మేనియన్లనగానే అందరూ గ్లెండేల్ అంటారు గానీ, మొదలైంది ఫ్రెస్నోలో. 1881లో సెరోపియన్ అన్నదమ్ములు మసాచుసెట్స్ నుంచి వచ్చి దిగారు. ఎండ, నీళ్ల కాలువలు, ద్రాక్ష. తమ దేశంలో వాళ్లకి తెలిసిన పనే.

వాసు: కిస్మిస్! ఆ ఊరి గుండా వెళ్లేటప్పుడు చూశాను. ఆగస్టు చివర్లో తీగల వరసల మధ్య నేల మీద కాగితాలు పరిచి, గుత్తులు వాటి మీద పోసి, రెండు మూడు వారాలు ఎండలో వదిలేస్తారు. కారు తలుపు తీస్తే అప్పడాల మూకుడు దగ్గర నిలబడ్డట్టుంటుంది వేడి.

లలిత: సరే, తోటలు కొన్నారు, డబ్బొచ్చింది. ఊళ్లో మంచి పేటలో ఇల్లు కొందామంటే కుదరదు. దస్తావేజులోనే రాసుండేది, ఈ ఇల్లు ఆర్మేనియన్లకి అమ్మకూడదని. ఫ్రెస్నోలో అలాంటి షరతులు మామూలే. ఆర్మేనియన్ టౌన్ అని డౌన్‌టౌన్‌లో ఒక పేట ఉండేది, 1914లో కట్టిన ఎర్ర ఇటుకల హోలీ ట్రినిటీ చర్చి చుట్టూ. మనవాళ్ల పక్కన ఉందామని ముచ్చటపడి అక్కడే ఉన్నారా, పక్క పేటలో రానివ్వకా?

వాసు: రెండూ అయ్యుండొచ్చుగా.

లలిత: ఇప్పుడు రెండూ అంటున్నారు. ఇందాక అంతే అన్నారు.

వాసు: అబ్బ, లాయరు. మీ అక్క కూడా ఇంతే. సరే, ఆ షరతులు చెల్లేవా కోర్టులో?

లలిత: 1948 దాకా చెల్లాయి. అప్పుడు సుప్రీంకోర్టు ఇలాంటి షరతుల్ని కోర్టుల ద్వారా అమలుచేయడం కుదరదంది. కానీ అంతకంటే పెద్ద గండం ఒకటుంది, మీకు చెప్దామని నాలుగు రోజుల నుంచి ఆపుకున్నాను. కార్టోజియన్ కేసు.

వాసు: ఎవరాయన?

లలిత: టాటోస్ కార్టోజియన్, ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్‌లో తివాచీల వ్యాపారి. అప్పట్లో అమెరికా పౌరసత్వం తెల్లవాళ్లకి, ఆఫ్రికా మూలాల వాళ్లకి మాత్రమే. ఈయనకిచ్చిన పౌరసత్వం రద్దు చేయాలని ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఆర్మేనియన్లు ఆసియావాళ్లు, తెల్లవాళ్లు కాదు అని.

వాసు: వెయిట్. ఓడిపోతే ఫ్రెస్నో తోటలు?

లలిత: అదే పాయింటు! కాలిఫోర్నియాలో 1913 చట్టం ప్రకారం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుడు వ్యవసాయ భూమి కొనకూడదు. జపాన్‌వాళ్ల కోసం చేసిన చట్టం. పోర్ట్‌లాండ్‌లో తివాచీల ఆయన ఓడిపోతే ఫ్రెస్నోలో ద్రాక్షతోటల వాళ్లకి కాళ్ల కింద నేల పోతుంది. ఫ్రాంజ్ బోయాస్ అంతటి మానవశాస్త్రవేత్త సాక్ష్యమిచ్చాడు. 1925లో గెలిచారు. తెల్లవాళ్లే అని తేలింది.

వాసు: అంటే జడ్జిగారు తేల్చాడు.

లలిత: ఆ జడ్జిగారి పేరు వాల్వర్టన్. ఆయనే 1920లో ఇంకొకాయనకి కూడా పౌరసత్వం ఇచ్చాడు. ఎవరో చెప్పండి.

వాసు: ఎవరు?

లలిత: భగత్ సింగ్ థిండ్.

వాసు: పంజాబీ ఆయన! సుప్రీంకోర్టులో ఓడిపోయింది ఆయనే కదా.

లలిత: ఆయనే. 1923. అదే జడ్జి ఇద్దరికీ సరే అన్నాడు. థిండ్ కేసు మీదకి వెళ్లింది, మనవాళ్లు తెల్లవాళ్లు కాదని తేల్చారు. శాస్త్రం ఏం చెప్తే మాకెందుకు, మామూలు మనిషి తెల్లవాడని ఎవర్ని అనుకుంటాడో అదే లెక్క అన్నారు. కార్టోజియన్ కేసు ఆ ఒరెగాన్ కోర్టులోనే ఆగింది. అందుకని వాళ్ల తోటలు వాళ్లకి మిగిలాయి.

వాసు: (కాసేపు ఆగి) మా వైపు బర్క్‌లీలో కలా బగాయి వే అని వీధి పేరు పెట్టారు. ఎన్నోసార్లు అటు నడిచాను. ఆవిడ మొగుడు వైష్ణో దాస్ బగాయి, శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టుకున్నాడు. బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళ్తే, చుట్టుపక్కల వాళ్లు లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. థిండ్ తీర్పు తర్వాత పౌరసత్వం తీసేశారు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు, ఉత్తరం రాసిపెట్టి మరీ.

లలిత: అవును.

వాసు: నేను ఇందాక ఫ్రీమాంట్ సంగతి చులాగ్గా అనేశాను. మనం వచ్చింది 1965 వలస చట్టం తర్వాత కదా, ఎక్కడ కావాలంటే అక్కడ, స్కూలు రేటింగ్ చూసి కొన్నాం. 

లలిత: స్కూలు రేటింగ్ మీద మీ ఉపన్యాసం వద్దు.

వాసు: ఇవ్వను. ఫ్రెస్నో పేట ఇప్పుడుందా?

లలిత: చర్చి ఉంది. పేటలో చాలా భాగం 41 నంబరు ఫ్రీవే తినేసింది. విలియం సరోయన్ ఇల్లు మ్యూజియం చేశారు. ఆయన పుట్టిందీ పోయిందీ ఫ్రెస్నోలోనే, 1908, 1981.

వాసు: సరే గ్లెండేల్‌కి రా. ఇంకా సగం టైం కూడా లేదు.

లలిత: వచ్చా. వీళ్లు వేరే వరస. లెబనాన్‌లో 1975 యుద్ధం, ఇరాన్‌లో 1979 విప్లవం, ఆ తర్వాత సోవియట్ యూనియన్ నుంచి. మొదట ఈస్ట్ హాలీవుడ్‌లో దిగారు. 2000లో లాస్ ఏంజిలెస్ సిటీ దానికి లిటిల్ ఆర్మేనియా అని పేరు పెట్టింది, పెట్టేసరికే డబ్బున్నవాళ్లు గ్లెండేల్, బర్బాంక్‌లకి జరిగిపోయారు. మాంటెబెల్లోలో 1968 నాటి స్మారకం ఉంది, ఒట్టోమన్ టర్కీలో ఆర్మేనియన్ల మీద జరిగిన 1915 మారణకాండకి. లాస్ ఏంజిలెస్ కౌంటీలో మొత్తం రెండు లక్షల పైమాటే. గ్లెండేల్‌లో సుమారు ప్రతి ఐదుగురిలో ఇద్దరు. ఆ మారణకాండ గుర్తుగా ఏప్రిల్ 24న ఇక్కడ స్కూళ్లకి సెలవు. మీకొకటి తెలుసా, ఇదే గ్లెండేల్‌లో ఒకప్పుడు చీకటిపడేలోపు నల్లవాళ్లు ఊరు దాటిపోవాలి. 2020లో సిటీ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది.

వాసు: మీ పైనింటావిడ లెబనానా?

లలిత: టెహ్రాన్. ఆర్ట్సఖ్ అవెన్యూ అని మా దగ్గరే ఒక వీధి ఉంది, 2018లో ఆ పేరు పెట్టారు. ఆర్ట్సఖ్ అంటే నగోర్నో-కరబాఖ్, 2023లో అక్కణ్నుంచి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు వెళ్లిపోయారు, అక్కడ ఆర్మేనియన్లు దాదాపు లేరు ఇప్పుడు. ఆ వారం బేకరీలో ఎప్పుడూ గట్టిగా మాట్లాడే కౌంటర్ మనిషి చిల్లర కూడా మాట్లాడకుండా చేతిలో పెట్టింది. నేనూ ఏమీ అడగలేదు.

వాసు: మ్‌మ్... ఒక్కటి చెప్పనా?

లలిత: వద్దు. ఆ ముఖం నాకు తెలుసు.

వాసు: బందరులో—

లలిత: బావా!

వాసు: చరిత్రమ్మా! పదిహేడో శతాబ్దంలో బందరు రేవులో ఆర్మేనియన్ వర్తకులు ఉండేవారు. బట్టల వ్యాపారం. మద్రాసులో మర్మలాంగ్ వంతెన కట్టించింది ఎవరనుకున్నావ్, పెట్రస్ ఉస్కన్, 1726. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక, అజ్దారార్, మద్రాసులో అచ్చయింది, 1794లో. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల సమాధులున్నాయి. గ్లెండేల్ కంటే ముందు బందరు!

లలిత: అయితే మీ లెక్కన గ్లెండేల్‌వాళ్లు బందరుకి బాకీ.

వాసు: లడ్డూలు పంపమను.

లలిత: పైనింటావిడకి ఇది చెప్తే ఏమంటుందో. ఆవిడకి ఉప్పుగూడ అని పలకడం నేర్పాలి ముందు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లకీ, సోవియట్ నుంచి వచ్చినవాళ్లకీ కూడా ఎప్పుడూ ఏదో ఒక చురక నడుస్తుంటుంది, మా కాఫీ అసలుది అని, మీది...

వాసు: పెరుగులాగా.

లలిత: ఆ మాట ఎత్తొద్దన్నాను! ఇదిగో, అక్క మెసేజ్ పెట్టింది, "వింటున్నాను" అని.

వాసు: ఎక్కడ్నుంచి వింటోంది, లైవ్ కాదుగా ఇది?

లలిత: మీ వెనక గదిలోంచి అనుకుంటా. బావా, తలుపు...

వాసు: ఆపు ఆపు, బటన్ ఎక్కడ